డ్రమ్ములు పాతిన మట్టి

దాలయ్య కూర్మన్నపాలెంలో మా ఇంటి వెనక వాటాలోకి అద్దెకు వచ్చింది రెండువేల ఏడు జనవరిలో. అప్పటికి అతనికి నలభై రెండేళ్ళుంటాయి. సామాను దించేటప్పుడు అతని భార్య పైడితల్లి గిన్నెల్లో సగం బయటికి తీసి, మిగతా సగం గోనెసంచిలోనే ఉంచి మూతి బిగించి అటక మీద పెట్టించింది. అవి ఎందుకమ్మా అలా ఉంచేశావు అని అడిగాను. ఎలాగూ మళ్ళీ కట్టాల్సినవే కదండీ మేష్టారూ అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు, ఉన్నమాట చెప్పిందంతే. పదకొండేళ్ళలో అది వాళ్ళకి తొమ్మిదో ఇల్లు. మల్కాపురంలో మూడు, గాజువాకలో రెండు, పెదగంట్యాడలో రెండు, అగనంపూడిలో ఒకటి, తర్వాత మాది.

ఉద్యోగాలూ అలాగే మారాడు. పోర్టులో బొగ్గు దించే కాంట్రాక్టరు దగ్గర చేశాడు. ఐసు ఫ్యాక్టరీలో చేశాడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్ళాడు. రొయ్యల కంపెనీలో ఉండగా బాయిలర్ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఎక్కడా ఏడాదిన్నర దాటలేదు. ఎవరూ పొమ్మనలేదు. పని బాగా చేస్తాడని ఉంచుకోవాలనే చూసేవారు. ఒకరోజు పొద్దున్నే లేచి, ఇక్కడ గాలి పడటం లేదనేవాడు, అంతే.

మనిషి కూర్చునేవాడు కాదు. టీ తాగాలన్నా గ్లాసు పట్టుకుని మా పెరట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేవాడు. బలవంతాన అరుగు మీద కూర్చోబెడితే మోకాలు ఆడుతూనే ఉండేది. మా ఆవిడ అతనికి కడుపులో పురుగులున్నాయేమో అనేది. అసలు సంగతి మాకు ఐదు నెలల తర్వాత తెలిసింది. అతనే చెప్పాడు, తిరుగుతూనే.

చోడవరం దగ్గర ఒక పల్లెలో చెరకు పండించే ఇంట్లో పుట్టాడు. భూమి ముగ్గురు అన్నదమ్ములకి చాలక ఎనభై తొమ్మిదిలో విశాఖపట్నం వచ్చాడు. మరుసటి ఏడాది గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫౌండ్రీలో అచ్చులు కట్టే పనికి కుదిరాడు. ఇసకలో రెసిన్ అనే ముదురు గోధుమరంగు ద్రవం, కాస్త యాసిడ్ వేసి కలిపితే ఆ ఇసక పది నిమిషాల్లో రాయిలా బిగుస్తుంది. ఆ ఇసక అచ్చులోకి కరిగిన ఇనుము పోస్తారు. ఇసక పూర్తిగా బిగిసేలోపల మూలలు, అంచులు సరిచెయ్యాలి. ఆ తొందర దాలయ్య చేతులకి బాగా పట్టుబడింది. ఓడల విడిభాగాల అచ్చులు అతనూ, వరహాలూ కలిసి కట్టేవారు. వరహాలు వరసకి ఏమీ కాడు, అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

ఆ రెసిన్‌కి ఒక వాసన ఉండేది. బెల్లం పాకం మాడి, అందులో చేదెక్కిన బాదంపప్పు నూరి కలిపితే ఎలా ఉంటుందో అలా. ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేసినా గోళ్ళలోంచి పోయేది కాదు. అన్నం కలుపుకుంటుంటే ముక్కుకు తగిలేది. కళ్ళు మండేవి. గొంతు గరగరలాడేది. అందరికీ అంతే కనక ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తొంభై ఆరు ఏప్రిల్‌లో ఎక్కువగా తెప్పించి పెట్టిన రెసిన్ ఎండలకి పాడైపోయింది. కొన్ని డ్రమ్ములు ఉబ్బిపోయాయి. తనిఖీకి ఎవరో వస్తున్నారని కబురొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, మిగతా పనివాళ్ళు లేనప్పుడు, సూపర్‌వైజరు దాలయ్యనీ వరహాలునీ పిలిచి ముప్పై ఎనిమిది డ్రమ్ములు లారీకెక్కించమన్నాడు. లారీ లంకెలపాలెం దాటి లోపలికి తిరిగి, గ్రావెల్ తవ్వి వదిలేసిన ఒక గుంత దగ్గర ఆగింది. డ్రమ్ములు దొర్లించాక సూపర్‌వైజరు గునపం ఇచ్చి, నిండు డ్రమ్ముల మీద మట్టి కూరుకోదు, ఒక్కోదానికి ఒక్కో పోటు పొడవండి అన్నాడు. వరహాలుకి కళ్ళు తిరిగాయి, పక్కన కూలబడ్డాడు. ముప్పై ఎనిమిదీ దాలయ్యే పొడిచాడు. తర్వాత ట్రాక్టరు వచ్చి మట్టి నెట్టింది.

గుంతకి నూరడుగుల దూరంలో ఒక పెంకుటిల్లు, కాస్త కూరమడి, ఒక నుయ్యి ఉన్నాయి. ఆ ఇంటి ఆవిడ, పేరు గంగాలమ్మ, ఇద్దరినీ చూసి జాలిపడి బిందెతో నీళ్ళు తెచ్చింది. ఎండన పడి ఏం పాతుతున్నారని అడిగింది. పాత ఇసకమ్మా, వట్టి ఇసక అని దాలయ్య చెప్పాడు. ఆ నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయట. రెండు చెంబులు తాగాడు.

ఆ ఆగస్టులో సరుకు దింపడానికి అనకాపల్లి వెళ్తూ అదే దారిలో లారీ ఆపించి చూశాడు. వానలు బాగా పడ్డాయి. గంగాలమ్మ రోడ్డు పక్క బోరింగు దగ్గర నుంచి బిందె మోసుకెళుతోంది. ఇతన్ని గుర్తుపట్టలేదు. నీ ఇంట్లో నుయ్యి ఉంది కదమ్మా అని అడిగితే, చెడిపోయింది నాయనా, నీళ్ళ మీద పసుప్పచ్చటి తెట్టు కడుతోంది, మాడు వాసనేస్తోంది, తాగిన గేదె చచ్చిపోయింది అని చెప్పింది. దాలయ్య వెనక్కి తిరిగాడు. లారీ ఎక్కాడు. వారం తిరక్కుండా ఫౌండ్రీ మానేశాడు. నెలలో ఇల్లు కూడా మార్చాడు. కారణం పైడితల్లికి చెప్పలేదు.

ఇదీ అతని పదకొండేళ్ళ తిరుగుడు వెనకున్న సంగతి.

మా ఇంటికొచ్చిన నెలకే అచ్యుతాపురంలో కొత్తగా పెట్టిన ఒక చిన్న ప్లాంటులో బాయిలర్ ఆపరేటరుగా చేరాడు. పెట్రోలులో కలిపే ఆల్కహాలును చెరకు పిప్పి నుంచి, వరిగడ్డి నుంచి తియ్యొచ్చా అని చూడటానికి పెట్టిన ప్లాంటు అది. చెరకు ఇంట్లో పుట్టినవాడు కనక పిప్పి కుప్పలు చూసి సంతోషపడ్డాడు. పిప్పిని పెద్ద ఉక్కు డేగిసాలాంటి దాంట్లో వేసి, కొద్దిగా యాసిడ్ చేర్చి, బాయిలర్ ఆవిరితో ఉడికిస్తారు. మొదటిరోజు ఉడికిన సరుకు దింపడానికి దాలయ్య వాల్వు తిప్పాడు. బుస్సుమని ఆవిరి వచ్చింది. తిప్పిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అదే వాసన. మాడిన బెల్లం, చేదు బాదం. షెడ్డులోంచి బయటికి వచ్చి గేటు దాకా నడిచి, అక్కడినుంచి మళ్ళీ వెనక్కి నడిచి, అలా షిఫ్టయ్యేదాకా తిరిగాడట.

ప్లాంటులో సూక్ష్మజీవుల పని చూసే అమ్మాయి హేమశ్రీ. బొబ్బిలి వైపు రైతు కుటుంబం. ఇరవై ఏడేళ్ళుంటాయి. తన ప్రయోగం పాడైనప్పుడు ఎవరి మీదా కోప్పడదు, గోడ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటుంది. ఆ రోజుల్లో రోజూ కొరుక్కునేది. ఎందుకంటే వేసిన ఈస్టు వేసినట్టే చచ్చిపోతోంది. ఆల్కహాలు తయారుచెయ్యాల్సింది ఆ ఈస్టే. పనివాళ్ళకి అర్థమవ్వాలని ఆమె టీ వేళ చెప్పింది. ఉడికించినప్పుడు పిప్పిలోంచి చక్కెర బయటికొస్తుంది, అది మంచిదే. కానీ ఆ వేడికే చక్కెరలో కొంత మాడి ఫర్ఫ్యూరాల్ అనే విషంగా మారుతుంది. ఆ విషంలో ఈస్టు బతకదు. సున్నం కలిపి చూశారు. విషం కొంత తగ్గింది, దాంతోపాటు చక్కెరా తగ్గింది, ట్యాంకు అడుగున లారీలకొద్దీ సున్నపు బురద మిగిలింది.

దాలయ్య గ్లాసు పట్టుకుని నిలబడి అడిగాడు, ఇసక అచ్చుల్లో కలిపే రెసిన్‌లో కూడా ఇదే ఉంటుందా అని. ఆమె ఆశ్చర్యపోయింది. దానికి దగ్గర చుట్టమే ఉంటుంది, ఇదీ కొంత ఉండొచ్చు, మీకెలా తెలుసు అంది. ఫౌండ్రీలో చేశానని మాత్రం చెప్పాడు.

హేమశ్రీ దగ్గర ఇంకో ఆలోచన ఉంది. ఆ విషాన్నే తిండిగా తినే బూజు ఒకటి దొరకాలి. దాన్ని ముందు ఉడికిన రసంలో వేస్తే విషం తినేస్తుంది, చక్కెర జోలికి పెద్దగా పోదు, ఆ తర్వాత ఈస్టు వేస్తే బతుకుతుంది. అలాంటి బూజులు ఉన్నాయని ఆమె పత్రికల్లో చదివింది. ఎక్కడ దొరుకుతాయంటే, ఆ విషం ఒలికి ఏళ్ళ తరబడి నానిన నేలలో. అది తప్ప వేరే తిండి లేని చోట, దాన్ని తినడం నేర్చుకున్నదే బతికి ఉంటుంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి దాలయ్యకి ఉన్న కుదురు కూడా పోయింది.

హేమశ్రీ మట్టి కోసం తిరిగింది. అనకాపల్లి బెల్లం పొయ్యిల దగ్గర, పోర్టు కలప యార్డులో, చెక్క కోసే సా మిల్లుల వెనక, ప్లాంటు సొంత పిప్పి కుప్ప కింద, ఎక్కడెక్కడో తవ్వి పొట్లాలు తెచ్చింది. గాజు పళ్ళేల్లో విషం తక్కువ పెడితే కొన్ని బూజులు మొలిచాయి. ప్లాంటులో ఉన్నంత పెడితే అన్నీ చచ్చాయి. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. పైన ఆఫీసు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఆమె జ్వరం తగిలినా సెలవు పెట్టకుండా వస్తోంది. దాలయ్య బాయిలర్ దగ్గర నుంచి ల్యాబ్ కిటికీ దాకా వచ్చి, లోపలికి చూసి, తిరిగి వెళ్ళిపోయేవాడు. రోజుకి పదిసార్లు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. పైడితల్లి అటక మీద గోనెసంచి దింపి, బయట ఉన్న గిన్నెలు కూడా అందులో సర్దడం మొదలుపెట్టింది. మా ఆవిడతో, ఈసారి ఇల్లు మారే వేళ మరీ తొందరగా వచ్చింది అంది.

ఒక ఆదివారం అతను మల్కాపురం వెళ్ళి వరహాలును కలిశాడు. ఫౌండ్రీ రెండువేల ఒకటిలోనే మూతపడింది. యజమాని ఎటో వెళ్ళిపోయాడు. వరహాలు రిఫైనరీ గేటు దగ్గర సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుంటున్నాడు. దాలయ్య సంగతంతా చెప్పాడు. వరహాలు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ విన్నాడు.

"అది మనం పాతినేదు బావా, ఓనరు పాతించినాడు."

"గునపం ఎవులి సేతిలో ఉన్నాది?"

వరహాలు ట్యూబు నీళ్ళలోంచి తీసి గుడ్డతో తుడిచాడు. చివరికి, చెప్పుకుంటే చెప్పుకో, నా పేరు మాత్రం ఎత్తకు అన్నాడు. దాలయ్య ఎత్తలేదు. తర్వాత రాసిన కాగితాల్లోనూ ఎక్కడా ఎత్తలేదు. నాకు చెప్పినప్పుడు కూడా ఇంకో పేరు పెట్టి చెప్పాడు. ఇక్కడ వరహాలు అని రాసింది ఆ పేరే.

సోమవారం టీ వేళ హేమశ్రీ గోడ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు దాలయ్య వెళ్ళి నిలబడ్డాడు.

"మేడమ్, మీరు ఎతుకుతన్న మట్టి ఎక్కడున్నాదో నాకు తెలుసు."

"ఎక్కడ?"

"లంకెలపాలెం అవతల. ముప్పై ఎనిమిది డ్రమ్ములు. పదకొండేళ్ళయ్యింది. నానే పొడిసి పాతినాను."

విన్న క్షణంలో ఆమె మొహం వెలిగింది. దాలయ్యకి అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. తను పదకొండేళ్ళు మోసింది ఆమెకి దొరికిన నిధిలా కనిపించింది. తర్వాత అతను నూతి సంగతి, గేదె సంగతి చెప్పాడు. ఆమె మొహంలో వెలుగు పోయింది. మట్టి నాకు కావాలి దాలయ్య గారూ, కావాలని చెప్పడానికి సిగ్గేస్తోంది గాని కావాలి అంది. ఆ ఇంటావిడకి చెప్పకుండా మాత్రం నేను తవ్వను, మీరే చెప్పాలి అని కూడా అంది.

బుధవారం పదకొండు గంటలకి కంపెనీ జీపులో వెళ్ళారు. గుంత ఉన్నచోట ఇప్పుడు తుమ్మచెట్లు, మధ్యలో అక్కడక్కడా ఏమీ మొలవని నల్లటి మచ్చలు. గంగాలమ్మ ఉంది. బాగా వంగిపోయింది. నూతి మీద తాటిదుంగలు పరిచి ముళ్ళకంప వేసి ఉంది. జీపు చూసి రోడ్డు వేస్తారా అని అడిగింది. హేమశ్రీ పక్కకి జరిగి నిలబడింది. దాలయ్య చెప్పడానికి నాలుగుసార్లు మొదలుపెట్టాడు. ఆ రోజు నీళ్ళిచ్చినావు గదమ్మా, ఆ ఇద్దరిలో నానొకణ్ణి అనేదాకా ఆమెకి గుర్తురాలేదు. తర్వాత మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాడు. కొడుతుందని కూడా అనుకున్నాడు. కొడితే బావుండుననే వెళ్ళాడు.

గంగాలమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

"ఆ ఏడే కోడలొచ్చినాది. అది కాలెట్టినాకే నుయ్యి సెడిపోనాదని ఊరన్నాది. నానూ అన్నాను. రోజూ అన్నాను. నా కొడుకు దాన్ని తీసుకుని ఎల్లిపోయి పదేళ్ళయ్యింది."

దాలయ్య ఇది ఊహించలేదు. నుయ్యి చెడిందని తెలుసు, గేదె పోయిందని తెలుసు. ఒక ఆడపిల్ల మీద నింద పడి ఇల్లు రెండయిందని తెలీదు. అప్పటిదాకా ఎప్పుడూ ఆగని మనిషి, ఆ వాకిట్లో ఎండలో కదలకుండా నిలబడిపోయాడని హేమశ్రీ తర్వాత నాతో చెప్పింది. మట్టి తీసుకోమని గంగాలమ్మే అంది, వాళ్ళ వైపు చూడకుండా, చెయ్యి ఊపి. వాళ్ళు నల్లమచ్చల దగ్గర మూరెడు లోతు తవ్వి పన్నెండు పొట్లాలు కట్టుకున్నారు. మట్టి చేత్తో పట్టుకోవద్దని హేమశ్రీ చేతి తొడుగులు ఇచ్చింది. దాలయ్య వేసుకోలేదు. వేసుకోండి అని ఆమె గట్టిగా అంటే అప్పుడు వేసుకున్నాడు.

ఆ మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, గాజు పళ్ళేల్లో వేశారు. ఈసారి తిండిగా ఆ విషం తప్ప ఇంకేమీ పెట్టలేదు. మూడురోజులు ఏమీ లేదు. నాలుగో రోజున తొమ్మిదో పొట్లం పళ్ళెంలో ఒక మూల లేత నారింజరంగు తడి మచ్చ కనిపించింది. చామంతి రేకంత ఉంది. ఆమె దాన్ని తీసి కొత్త పళ్ళెంలో, విషం రెట్టింపు చేసి వేసింది. పెరిగింది. మళ్ళీ రెట్టింపు చేసింది. నెమ్మదిగానైనా పెరిగింది. మే నెలాఖరుకి ఒక డ్రమ్ముడు పిప్పిరసంలో ఆ బూజు వేసి ఒక పగలూ ఒక రాత్రీ గాలి పట్టించారు. మర్నాడు పొద్దున మూత తీస్తే మాడు వాసన లేదు. కాచిన చెరకురసం వాసన మాత్రం వస్తోంది. పరీక్ష చేస్తే చక్కెరలో కొద్దిగా తగ్గింది గాని చాలావరకు ఉంది. ఈస్టు వేశారు. సాయంత్రానికి రసం మీద నురగ లేచింది.

షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు మిఠాయి తెప్పించాడు. హేమశ్రీ ఒక మూల కూర్చుని ఏడ్చింది. దాలయ్య మిఠాయి ముక్క చేతిలో పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"దీన్ని ఆ నూతిలో ఎయ్యలేమా మేడమ్?"

ఆమె అబద్ధం చెప్పలేదు. ట్యాంకులో అయితే వేడి, గాలి, పులుపు అన్నీ మన చేతిలో ఉంటాయి, నేల కింద అలా కాదు అంది. పైగా రెసిన్‌లో ఉన్నది ఈ బూజు తినేది ఒక్కటే కాదు, యాసిడ్ ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. కొంత అదే తిని ఉంటుంది, అందుకే వాసన తగ్గింది. నీళ్ళు మంచివైపోయాయని మాత్రం అనలేం. ముందు ఆ డ్రమ్ములు బయటికి తియ్యాలి, మట్టి ఎత్తాలి, నుయ్యి తోడి తోడి పరీక్ష చేయించాలి. ఇది బూజు పని కాదు, మనుషుల పని అంది.

అప్పుడు దాలయ్య మా ఇంటి ముందుగదికి వచ్చి ఒక కాగితం రాసి పెట్టమన్నాడు. కాలుష్యం చూసే ఆఫీసుకి. తను చెబుతూ గదిలో తిరిగాడు, నేను రాశాను. నేనే స్వయంగా పొడిచాను అన్న మాట ఉంచాలా అని అడిగాను. నీకు ఇబ్బంది రావచ్చు అన్నాను. ఉంచమన్నాడు. ఫలానా సూపర్‌వైజరు చెప్పాడు అని ముందు రాద్దామా అన్నాను. అది తర్వాత రాయండి మేష్టారూ, ముందు నాది రాయండి అన్నాడు. ఆ రోజే పైడితల్లి కూడా మొదటిసారి అంతా విన్నది, వంటింటి గుమ్మంలో నిలబడి. ఆమె ఒక్కటే అడిగింది, తొమ్మిది ఇళ్ళూ ఇందుకేనా అని. అతను అవునన్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

కాగితానికి జవాబు రాలేదు. రెండోది రాశాం. మూడోదానికి హేమశ్రీ తన పరీక్షల ఫలితాలు జతచేసింది. కంపెనీవాళ్ళు అది మన పని కాదని ఆమెను మందలించారు. ఎనిమిది నెలల తర్వాత, రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో, మనుషులొచ్చి తవ్వారు. ముప్పై ఎనిమిదిలో ముప్పై ఒకటి దొరికాయి, తుప్పు పట్టి, అడుగులు ఊడిపోయి. మిగతావి మట్టిలో మట్టి అయిపోయాయి. దాలయ్యను రెండుసార్లు పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. యజమాని చిరునామా దొరకలేదు. కేసు అక్కడ ఆగింది. నాకు తెలిసి ఇప్పటికీ అక్కడే ఉంది.

గంగాలమ్మ తన పని తను చేసింది. దాలయ్య వచ్చి చెప్పిన ఆ బుధవారం తర్వాత నాలుగో రోజునే బస్సెక్కి, పెదగంట్యాడలో ఉన్న కొడుకు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. కోడలు సుధారాణి తలుపు తీసి చూసి, లోపలికి రమ్మనలేదట. వాకిట్లోనే నిలబడి గంగాలమ్మ డ్రమ్ముల సంగతి చెప్పిందట. ఇప్పుడు తెలిస్తే మాత్రం నాకేం వొరిగింది అని సుధారాణి అడిగింది. అయినా మంచినీళ్ళు ఇచ్చింది. పండక్కి పిల్లల్ని పంపింది. తను మాత్రం మూడేళ్ళకి గాని ఆ గడప తొక్కలేదు.

ప్లాంటు రెండు సీజన్లు నడిచింది. నారింజ బూజుతో మంచి ఫలితాలే వచ్చాయి. కానీ అదంతా చిన్న ట్యాంకుల్లో. పెద్ద ట్యాంకులకి గాలి పట్టించే సరంజామా అమర్చేలోపల, రెండువేల తొమ్మిదిలో, పై ఆఫీసు దీనికంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డి, మొలాసిస్సే తేలిక అని నిర్ణయించి షెడ్డు మూసేసింది. హేమశ్రీ బూజును సన్నటి గాజు గొట్టాల్లో సీలుచేసి హైదరాబాదులో ఒక సంస్థ భద్రపరిచే చోటికి పంపింది, తర్వాత తనూ అక్కడికే వెళ్ళింది. దాలయ్య పోర్టు దగ్గర చేపల కంపెనీలో బాయిలర్ మీద చేరాడు. మా ఇల్లు మాత్రం వదల్లేదు.

నుయ్యి తోడే పని అతను పెట్టుకున్నాడు. డ్రమ్ములు తీశాక నెలకోసారి తనే ఇంజను అద్దెకు తెచ్చి నీళ్ళన్నీ తోడించేవాడు, కొత్తగా ఊరిన నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి ఇచ్చేవాడు. కాగితం వచ్చాక తీసుకెళ్ళి గంగాలమ్మకి చదివి వినిపించేవాడు. అంకెలు తగ్గుతూ వచ్చాయి. తాగడానికి పనికిరావు అన్న మాట మాత్రం పోలేదు. రెండేళ్ళకు పైగా ఒక్క నెలా తప్పలేదు. ఆ రోజుల్లో అతను కొంచెం నిదానించాడనే మాకు అనిపించింది. టీ కూర్చునే తాగేవాడు.

రెండువేల పది జూలైలో అలాగే కాగితం పట్టుకుని వెళ్ళాడు. గంగాలమ్మ చదవనివ్వలేదు. కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి చెప్పింది.

"నువ్వు వొచ్చినప్పుడల్లా కొంచెం తేలికయ్యి ఎల్తన్నావు నాయనా. నానెరుగుదును. నాకు మాత్రం నిన్ను సూసినప్పుడల్లా ఆ పిల్లని అన్న మాటలే గుర్తొత్తన్నాయి. ఇక రావొద్దు."

కోపంగా అనలేదట. దాలయ్య ఇంజను విప్పి బండి మీద వేసి, అద్దెకిచ్చినవాళ్ళకి పంపేశాడు. నెలనెలా నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయించాలో ఒక కాగితం మీద రాసి ఆమె కొడుక్కి ఇవ్వమన్నాడు. దండం పెట్టబోతే ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడినుంచి రోడ్డు దాకా వచ్చి, బస్సు వస్తే ఎక్కలేదు. రెండోది వచ్చినా ఎక్కలేదు. అగనంపూడి దాకా నడిచేశాడు. ఆ రాత్రి మా అరుగు మీద కూర్చుని, మేష్టారూ, ఇప్పుడేటి సెయ్యాలి అని అడిగాడు. ఆవిడ చెప్పినట్టు చెయ్యడమే అన్నాను. అతనికి అది చాలా కష్టమని తెలిసే అన్నాను.

చెయ్యగలిగాడు. మళ్ళీ అటు వెళ్ళలేదు. మొదట్లో నెల మొదటి ఆదివారం వచ్చేసరికి పెరట్లో పాత నడక మొదలయ్యేది. పైడితల్లి అతన్ని బజారుకో, బియ్యం మరకో పంపేది. మరుసటి ఏడాది ఆ ఊరికి పంచాయతీ కుళాయి వచ్చింది. నూతి నీళ్ళు ఇప్పటికీ ఎవరూ తాగరు. సుధారాణి ఆ నీళ్ళతో నూతి చుట్టూ బంతిమొక్కలు పెంచుతోందని, అటువైపు వెళ్ళొచ్చిన ఆటో అతను ఒకడు చెప్పాడు. దాలయ్య విని, మొక్కలు ఎలాగున్నాయి అని అడిగాడు. బానే ఉన్నాయన్నాడతను.